జాజికాయల దీవిలో గాలివాన - వాయిదా నిలిపిన షరతు

జాజికాయ మనమందఱము ఎఱిగినదే. తాంబూలములోనికి, బాలింతరాలి మందులోనికి, పండుగనాటి పాయసములోనికి దానిని వాడుచుందుము. పచారీ దుకాణమున చిన్న పొట్లములో కొని తెచ్చుకొను ఈ కాయ ఏ దేశమున పండునో, దానిని పండించు రైతు ఎట్టి కష్టసుఖములు పడుచుండునో మనము తలపోయుట అరుదు. అట్టి రైతుల వృత్తాంత మొకటి ఈ నెల మన సంఘ సభ్యులకు తెలుపగోరుచున్నాను. పైకి అది జాజికాయ కథవలె కనబడును గాని లోపల అప్పు కథ, గాలివాన కథ, సహకార సంఘపు కథ. ఈ మూడును మనకు క్రొత్తవి కావు.

నేను చదివిన మిషను పాఠశాలలో గోడకు ప్రపంచ పటము వ్రేలాడుచుండెడిది. అందు కరిబియన్ సముద్రపు దీవులు ఆవాలు చల్లినట్లుండెను. ఉపాధ్యాయులు బెత్తపు కొనతో ఒక దీవిని చూపబోయిన, దానితో కూడ మఱి నాలుగు దీవులు బెత్తము క్రింద మఱుగుపడిపోయెడివి. అట్టి దీవులలో గ్రెనడా యొకటి. దాని విస్తీర్ణము 344 చదరపు కిలోమీటర్లు. అనగా మన మండలములు రెండింటికి మించదు. జనసంఖ్య లక్షకు కొంచెము పైన. ఆ దేశపు జెండాపై జాజికాయ బొమ్మ యుండును. దానిని బట్టియే ఆ పంటకు వారిచ్చు గౌరవము తెలియును.

ఇట్టి చిన్న దీవుల దేశములను 1992 సంవత్సరమున రియో నగరమందు జరిగిన ప్రపంచ సభలో ప్రత్యేకమైన వర్గముగా గుర్తించిరి. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారము ఇప్పుడవి 39 దేశములు. భూమిని వేడెక్కించు పొగలో వీరందఱి పాలు కలిపినను నూటికి ఒక వంతు లేదు. ఐనను సముద్రము పొంగిన మొదట మునుగునది వారి యూరు. గాలివాన ముదిరిన మొదట కూలునది వారి యిల్లు.

జాజి తోట, దాని సంఘము

జాజిచెట్టును గ్రెనడాకు 1843 ప్రాంతమున తెచ్చిరి. ఈ చెట్టు ఓపిక గలవారి సొత్తు. విత్తు నాటిన పిదప కాపునకు రావలెనన్న అయిదు మొదలు ఎనిమిదేండ్లు పట్టును. నిండు కాపునకు పదునైదు, ఇరువది యేండ్లు కావలెను. మఱియు తాడిచెట్లలో వలె ఇందును పోతుచెట్లు, పెంటిచెట్లు వేఱు. పూత పూయువఱకు ఏది పోతో ఏది పెంటియో సామాన్యముగ తెలియదు. పెంటిచెట్టే కాయను, కాయపై నుండు ఎఱ్ఱని జాపత్రిని ఇచ్చును. చెట్టు పెద్దదే గాని వేళ్లు లోతునకు పోవు, పైపైన వ్యాపించును. కావున పెనుగాలి వచ్చినప్పుడు అది వంగి లేచునది కాదు. వేళ్లతో సహా ఒఱిగిపోవును.

మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1947వ సంవత్సరముననే ఆ దీవిలోని జాజి రైతులు ఒక సహకార సంఘమును నెలకొల్పుకొనిరి. రైతు తన కాయలను సంఘపు కొలుపు కేంద్రమునకు తెచ్చి అప్పగించును. అప్పటికప్పుడు కొంత సొమ్ము ముందుగా ముట్టును. సంఘము వానిని ఆరబెట్టి, గ్రేడులుగా విడదీసి, విదేశములకు అమ్మి, ఖర్చులు పోను మిగిలినదానిని సాలు చివర సభ్యులకు పంచును. మన ధాన్యపు సంఘములకును దీనికిని ఏమి భేదము? ఇండోనేషియా తరువాత ప్రపంచమున జాజికాయ ఎగుమతిలో ఈ చిన్న దీవికి రెండవ స్థానము వచ్చినదనిన, దానిలో ఆ సంఘపు పాలు కొంచెము కాదు.

2004 సెప్టెంబరు 7

1955లో జానెట్ అను గాలివాన గ్రెనడాను ధ్వంసము చేసెను. ఆ తరువాత దాదాపు ఏబదియేండ్లు అంతటిది రాలేదు. మా దీవి తుపానుల దారిలో లేదని జనులు నమ్మసాగిరి. 2004 సెప్టెంబరు 7వ తేదీన ఐవాన్ వచ్చినది. నూటికి తొంబది యిండ్లకు దెబ్బ తగిలెను. జాజిచెట్లలో నూటికి తొంబది వఱకు కూలినవి, లేదా పనికిరాకుండ పోయినవి. నష్టము ఆ దేశమంతయు ఒక సంవత్సరమున సంపాదించు దానికి ఇంచుమించు రెండు రెట్లని లెక్కకట్టిరి. ఒక రైతునకు వరుసగా రెండు సంవత్సరముల పంట, ఇల్లు, గొడ్డు, గోద అన్నియు ఒక్క రాత్రిలో పోయినట్లు అనుకొనుడు. మఱుసటి సంవత్సరము, 2005 జూలైలో, ఎమిలీ అను ఇంకొక గాలివాన వచ్చి మిగిలిన మొక్కలను సయితము పెఱికివేసెను.

వరి పోయిన రైతు వచ్చు కారునకు మఱల నాటుకొనును. జాజి పోయిన రైతు నేడు మొక్క నాటిన, దాని నిండు కాపును అతని కుమారుడు చూడవలసినదే. కాని అప్పునకు ఈ సంగతి తెలియదు. దానికి చెట్టుతో పనిలేదు, తేదీతోనే పని. గ్రెనడా ప్రభుత్వము అంతకుముందే విదేశపు పెట్టుబడిదారులకు ఋణపత్రములు వ్రాసి యుండెను. రాబడి ఆగినను వడ్డీ ఆగలేదు. 2005లో ఒకసారి అప్పుల గడువులు మార్పించుకొనిరి. ఇండ్లు, బడులు, రోడ్లు మఱల కట్టుటకు క్రొత్త అప్పులు చేసిరి. మూలుగుచున్న నక్కపై తాటికాయ పడినట్లు ప్రపంచ ఆర్థిక మాంద్యము వచ్చినది. 2013లో చెల్లింపలేమని ప్రభుత్వము చేతులెత్తినది.

సోదరులారా, ఇచట ఒక క్షణము ఆగుడు. ఈ దేశము దుబారా చేసి చెడినదని అనుటకు వీలులేదు. గాలివాన వచ్చుట దాని తప్పు కాదు. ఐనను గాలివాన వచ్చిన ప్రతిసారియు సహాయము పేర చేతిలో పడునది అప్పే ఐనచో, మొదటి అప్పు తీరకముందే రెండవ గాలివాన వచ్చును. చిన్న దీవుల కష్టమంతయు ఈ యొక్క మాటలో ఉన్నది. కావుననే వారును, వారికి సాయపడువారును గడచిన ఇరువది యేండ్లలో అప్పునకు, బీమాకు క్రొత్త క్రొత్త పద్ధతులు వెదకుచు వచ్చిరి.

పది మంది చేతి కట్టెలు

మొదటి పద్ధతి ఉమ్మడి బీమా. ఐవాన్ దెబ్బ తరువాత కరిబియన్ దేశములు ప్రపంచ బ్యాంకును ఆశ్రయింపగా, 2007లో 16 ప్రభుత్వములు కలిసి ఒక విపత్తు బీమా నిధిని నెలకొల్పినవి. జపాను, కెనడా మొదలగు దేశములు మొదటి మూలధనమునకు సాయపడినవి. ఇన్ని దేశములు ఒక నిధిలో చేరిన మొదటి ఉదాహరణము ప్రపంచమున ఇదియే.

దీని యుపాయము సులభము. ఒక దీవి ఒంటరిగా పెద్ద బీమా కొనబోయిన ధర అందదు. కాని ఒకే సంవత్సరమున అన్ని దీవులకును గాలివాన తగులదు. కావున పదహారుగురు కలిసిన, ఒక్కొక్కరు వేఱువేఱుగా దాచుకొనవలసిన సొమ్ము కంటె చాల తక్కువతో పని గడచును. పది మంది చేతి కట్టెలు ఒకనికి మోపు అని మనవారు ఊరక అనలేదు.

రెండవ విశేషము: నష్టమును చూచుటకు అధికారులు ఇల్లిల్లు తిరుగరు. గాలి ఎంత వేగమున వీచినది, తుపాను ఏ దారిన పోయినది, వాన ఎంత కురిసినది అను కొలతలను బట్టి ఎంత నష్టము జరిగియుండునో లెక్కకట్టుదురు. ఆ లెక్క ముందుగా ఒప్పుకొన్న హద్దును దాటిన, 14 దినములలో సొమ్ము పంపుదురు. దీనిని మనము కొలత బీమా అని పిలుచుకొందము. 2010 జనవరిలో హైతీ దేశమున భూకంపము వచ్చినప్పుడు ఈ నిధి రెండు వారములలో సుమారు 77 లక్షల డాలర్లు పంపినది. నష్టముతో పోల్చిన అది చాల చిన్న మొత్తము. కాని ఆకలి వేళ చేతికందిన గంజి ఆఱు నెలల తరువాత వచ్చు విందు కంటె మేలు.

గాలివాన షరతు

రెండవ పద్ధతి నాకు ఇంకను మెచ్చదగినదిగా తోచుచున్నది. 2015లో గ్రెనడా తన ఋణదాతలతో క్రొత్త ఒప్పందము చేసికొన్నది. అసలులో సగము వఱకు తగ్గించుటకు వారు ఒప్పుకొనిరి. దానితోపాటు క్రొత్త ఋణపత్రములలో ఒక షరతు వ్రాయించిరి: దేశమునకు పెద్ద గాలివాన తగిలిన సాలున వాయిదాలు నిలుపుకొనవచ్చును. తగిలినదా లేదా యను తగవు రాకుండ, ఉమ్మడి బీమా నిధి వేసిన లెక్కనే ప్రమాణముగా పెట్టుకొనిరి. ఆ లెక్కలో నష్టము 1 కోటి 50 లక్షల డాలర్లు దాటిన ఒక వాయిదా. 3 కోట్లు దాటిన రెండు వాయిదాలు నిలుచును. నిలిచిన సొమ్ము మాఫీ కాదు. అసలులో కలిసి, వడ్డీతో సహా తరువాత చెల్లవలసినదే. కాని ఇల్లు కూలిన సంవత్సరమున ఆ సొమ్ము ఇంటిలోనే యుండును.

తొమ్మిదేండ్లు ఆ షరతు కాగితముపైననే యున్నది. 2024 జూలై 1వ తేదీన బెరిల్ అను గాలివాన గ్రెనడాకు చెందిన కారియాకు దీవిపై పడెను. అచట చెక్కుచెదరక నిలిచిన కట్టడములను వ్రేళ్లపై లెక్కింపవచ్చునన్నంత పని జరిగెను. ఈసారి మాత్రము రెండు పనులు వెంటనే జరిగినవి. ఉమ్మడి బీమా నిధినుండి సుమారు 4 కోట్ల 40 లక్షల డాలర్లు వచ్చెను. అప్పటి వఱకు ఆ నిధి ఒక్క విపత్తునకు ఏ దేశమునకును అంత చెల్లింపలేదు. రెండవది, ప్రభుత్వము గాలివాన షరతును చూపి 2024 నవంబరు, 2025 మే నెలల వాయిదాలను నిలుపుకొనెను. ఋణపత్రములో ఇట్టి షరతును వాడుకొన్న మొదటి దేశము గ్రెనడాయే. ఎవరిని బ్రతిమాలనక్కఱలేదు; మాట పోలేదు; ఋణము ఎగవేసినవాడను పేరు రాలేదు. ఐవాన్ నాటికిని బెరిల్ నాటికిని ఉన్న భేద మంతయు ముందుగా వ్రాయించుకొన్న నాలుగు పంక్తులలో నున్నది.

ఋణదాతకు దీనివలన నష్టము లేదా యని అడుగవచ్చును. ఆలోచించి చూడుడు. ఇల్లు కూలినవాడు ఆ సంవత్సరము ఎట్లును చెల్లింపలేడు. షరతు లేనిచో వాయిదా తప్పును. తగవులు, ప్లీడర్లు, ఏండ్ల తరబడి బేరములు. చివరకు అసలులోనే సగము వదలుకొనవలసి వచ్చును. గ్రెనడా ఋణదాతలకు 2015లో జరిగినది అదియే. ఒక సంవత్సరము ఆగుటకు ఒప్పుకొన్నవాడు అసలును కాపాడుకొనుచున్నాడు. బార్బడోస్ దేశమును తన ఋణపత్రములలో ఇట్టి షరతును చేర్చుకొన్నది. ఆ దేశపు ప్రధానమంత్రిణి మియా మాట్లీ 2022 మొదలు ఋణదాతలందఱును ఈ షరతును ఒప్పుకొనవలెనని ప్రపంచ సభలలో అడుగుచు వచ్చెను. 2023 జూన్‌లో పారిసు సభలో ప్రపంచ బ్యాంకు చిన్న దేశములకిచ్చు ఋణములలో దీనిని చేర్చుటకు అంగీకరించెను.

కొలత తప్పిన వేళ

ఇంతవఱకు మేలు చెప్పితిని. ఇక కీడు చెప్పకున్న నేను దళారినగుదును గాని డిమాన్‌స్ట్రేటరును కాను.

2015 ఆగస్టులో ఎరికా అను తుపాను డొమినికా దీవిపై వచ్చెను. గాలి బలము తక్కువ. వాన మాత్రము కొండలను కరగించినది. నష్టము 48 కోట్ల డాలర్లకు పైన. గాలిని కొలుచు బీమా పలుకలేదు. వానను కొలుచు వేఱొక బీమానుండి వచ్చినది 24 లక్షల డాలర్లు మాత్రమే. రెండేండ్లకు, 2017 సెప్టెంబరులో, అదే దీవిపై మరియా వచ్చినప్పుడు గాలి బీమా సుమారు 1 కోటి 90 లక్షల డాలర్లు ఇచ్చెను. అప్పుడైనను నష్టము దేశపు సాలుసరి ఉత్పత్తికి రెండు రెట్లకు పైన.

జమైకా దేశపు సంగతి ఇంకను విచిత్రము. ఆ ప్రభుత్వము ఉమ్మడి బీమాతో తృప్తి పడక, 2024 మే నెలలో ప్రపంచ బ్యాంకు ద్వారా 15 కోట్ల డాలర్ల విపత్తు ఋణపత్రమును పెట్టినది. దీని పద్ధతి యిది: పెట్టుబడిదారులు సొమ్మును ముందుగా ఒకచోట జమకట్టుదురు. విపత్తు రాకున్న మంచి వడ్డీతో తమ సొమ్ము తాము తీసికొందురు. నిర్ణయించిన బలము గల గాలివాన వచ్చిన, ఆ సొమ్ము జమైకాకు పోవును; పెట్టుబడిదారునకు తిరిగి రాదు. బలమును తెలుపు గుఱుతు తుపాను నడిమి గాలి ఒత్తిడి. ఒత్తిడి ఎంత పడిపోయిన తుపాను అంత ఉగ్రము.

ఋణపత్రము పెట్టి రెండు నెలలైన కాకమునుపే బెరిల్ జమైకా దక్షిణపు తీరమును ఒఱసికొని పోయినది. అరటితోటలు, కూరగాయల మళ్లు నేలమట్టమైనవి. కాని గాలి ఒత్తిడి ఒప్పుకొన్న హద్దునకు దిగలేదు. ఆ ఋణపత్రమునుండి ఒక డాలరు రాలేదు. తరువాత 2025 అక్టోబరు 28న మెలిస్సా అను మహోగ్రమైన గాలివాన ఆ దీవిని ఢీకొన్నది. ఈసారి హద్దు దాటినది. 15 కోట్లును వచ్చినవి. ఉమ్మడి బీమా నిధి మఱి 9 కోట్ల 19 లక్షలు ఇచ్చెను. ఐతే మెలిస్సా చేసిన నష్టము సుమారు 880 కోట్ల డాలర్లు. వచ్చినదంతయు కలిపిన నూటికి మూడు పాళ్లు కాదు.

దీనిని చదువుచున్నప్పుడు నాకు ఒక సంగతి జ్ఞప్తికి వచ్చెను. కొన్నియేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక గ్రామములో వాతావరణపు కొలతలను బట్టి చెల్లించు పంట బీమాలో చేరుడని ఇల్లిల్లు తిరిగి చెప్పినవాడను నేనే. ఆ సంవత్సరము కోతల ముందు వాన కురిసి వరి పనలు నీటిలో మొలకెత్తినవి. వానకొలత యంత్రము ఉన్న చోటు ఆ యూరికి మూడు కోసుల దూరము. అచట కురిసినది హద్దు కంటె తక్కువ. ఒక్క రైతునకును పైసా రాలేదు. ఒక పెద్దాయన నన్ను అరుగుపై కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, నెమ్మదిగా అడిగెను: "నాయనా, వాన మా చేలో పడాలా, మీ గొట్టంలో పడాలా?" కోపపడియుండిన నేను ఏదో యొకటి చెప్పెడివాడనేమో. ఆయన కోపపడలేదు. మజ్జిగ త్రాగి తలవంచుకొని వచ్చితిని.

పూచీదారు ఉన్న అప్పు

ఇంకొక పద్ధతి హిందూ మహాసముద్రమునందలి సీషెల్స్ దీవులది. 2018లో ఆ దేశము సముద్రమును, చేపల సంపదను కాపాడుటకని 1 కోటి 50 లక్షల డాలర్ల ఋణపత్రమును పదేండ్ల గడువుతో వ్రాసినది. చిన్న దేశము, 2008లో ఒకసారి అప్పులు చెల్లింపలేక చిక్కుపడినది. కావున వడ్డీ నూటికి 6.5 పడెను. ప్రపంచ బ్యాంకు 50 లక్షల డాలర్లకు పూచీపడెను. ఇంకొక అంతర్జాతీయ నిధి వడ్డీ భారమును భరించుటకు 50 లక్షలు సులభపు షరతులపై అప్పిచ్చెను. ఈ రెండింటివలన సీషెల్స్ మీద నిజముగా పడు వడ్డీ 2.8కి దిగెను. ఆ సొమ్ములో కొంత చేపలు పట్టువారి సంఘములకు గ్రాంటులుగాను, కొంత అప్పులుగాను ఇచ్చుటకు ఏర్పఱచిరి.

అంతకుముందే ఆ దేశము 2 కోట్ల 16 లక్షల డాలర్ల పాత అప్పు విషయమున ఒక మార్పిడి చేసికొన్నది. ఒక పర్యావరణ సంస్థ సాయముతో ఆ అప్పును ఋణదాతలనుండి కొంత తగ్గింపు ధరకు విడిపించి, ఇకమీదట చెల్లింపవలసినదానిలో కొంత భాగమును సొంత సముద్రమును కాపాడు ధర్మకర్తల నిధికి చెల్లించునట్లు ఏర్పాటు చేసిరి. తన సముద్రములో నూటికి 30 పాళ్లను కాపాడుదునని మాట యిచ్చి, 2020 నాటికి నెరవేర్చినది. పరపతి సంఘమున జామీనుదారు మంచివాడైన వడ్డీ తగ్గుననుట మనకు కొత్త పాఠము కాదు. ఐనను దీనియందు ఒక హెచ్చరిక కలదు. పూచీ ఎంత మంచిదైనను అప్పు అప్పే. సముద్రము పేర వ్రాసిన అప్పును కూడ తేదీకి తీర్పవలసినదే.

మనవారి పొలములలో

ఈ దీవులు కొన్నింటిలో మన భాష మాటలాడిన రైతులును కలరు. మారిషస్ దీవికి కోరంగి రేవు మీదుగా పోయిన మనవారిని అచట చాలకాలము కోరంగీలు అనియే పిలిచిరి. 1903 మొదలు 1916 వఱకు మద్రాసు రేవునుండి ఫిజీ దీవులకు కూలి ఒప్పందముపై పోయినవారిలో తెలుగువారు అనేకులు. ఒప్పందము తీరిన పిదప వారిలో పలువురు చెఱకు రైతులైరి. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ అను తుపాను ఫిజీని తాకి 44 మంది ప్రాణములు తీసెను. చెఱకు తోటలు పడిపోయెను. 2021లో ఆ దేశమున చిన్న రైతుల కొఱకు కొలత బీమా మొదలుపెట్టిరి. తుపాను దారి, గాలి వేగము బట్టి సొమ్ము నేరుగా రైతునకే చేరును. ఇందు మనము గమనింపవలసినది, రైతులను ఒక్కొక్కరిగా కాక చెఱకు రైతుల సహకార పొదుపు సంఘము మొదలగు సంస్థల ద్వారా చేర్చుకొనుట. ప్రభుత్వమునకు చేరిన సొమ్ము రోడ్లకు, వంతెనలకు పోవును, అదియు కావలసినదే. కాని రైతు చేతికి రూకలు రావలెనన్న నడుమ ఒక సంఘము ఉండి తీరవలెను.

బాకీ ఎవరిది?

ఈ పద్ధతులన్నింటిని మెచ్చుకొనుచునే ఒక మాట అడుగక తప్పదు. పై చేను వాడు గట్టు తెంచి నీరు వదలిన, క్రింది చేను మునిగినది. క్రింది చేను వానికి బీమా కొనుక్కొమ్మని చెప్పుట న్యాయమేనా? ఈ ప్రశ్నను దీవులవారు మొదటినుండియు అడుగుచున్నారు. 1991లోనే వనువాటు దేశము చిన్న దీవుల కూటమి పక్షమున, సముద్రము పొంగుటవలన కలుగు నష్టమునకు ధనిక దేశములు చందా వేసిన ఉమ్మడి బీమా కావలెనని కోరెను. ముప్పదియేండ్లు ఎవరును వినలేదు. 2022లో ఈజిప్టునందు జరిగిన సభలో నష్టపరిహారపు నిధి నొకదానిని ఒప్పుకొనిరి. 2023లో దుబాయి సభలో అది రూపు దాల్చెను. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానము, శీతోష్ణస్థితికి చెఱుపు కలుగకుండ చూచుట దేశములకు న్యాయమైన విధియని అభిప్రాయము తెలిపెను. ఆ విన్నపమునకు ముందు నడిచినది వనువాటుయే. ప్రపంచ పటముపై బెత్తపు కొన క్రింద మఱుగుపడు దేశము అంత పని చేసినది.

కావున బీమాయు, షరతును, పూచీయు మంచి పనిముట్లే గాని, బాకీ పడినవాడు బాకీ తీర్చుటకు అవి బదులు కావు.

మనకు దీనివలన ఏమి?

నాకు ఇందు మూడు మాటలు కనబడుచున్నవి.

మొదటిది: ఒక్క బీమాను నమ్ముకొనరాదు. జమైకా ప్రభుత్వము అంతస్తులుగా ఏర్పాటు చేసికొన్నది. చిన్న నష్టమునకు సొంత నిధి, దానిపై ముందుగా ఒప్పుకొన్న అప్పు, దానిపై ఉమ్మడి బీమా, మహోపద్రవమునకు ఋణపత్రము. ఒకటి పలుకకున్న వేఱొకటి పలుకును. మన సంఘములలో రిజర్వు నిధిని కాగితపు లెక్కగా చూచుట మానవలెను. అది మన మొదటి అంతస్తు.

రెండవది: షరతును ముందుగా వ్రాసికొనవలెను. విపత్తు తరువాత పంట ఋణములను దీర్ఘకాలికములుగా మార్చు పద్ధతి మన దేశమున చిరకాలముగా గలదు. కాని దానికి ప్రకటనలు, అర్జీలు, సిఫారసులు కావలెను. ఈలోగా వాయిదా తేదీ దాటిపోవును. గ్రెనడా షరతు ఇంటిమీద గాలి వీచకముందే పుట్టినది. సంఘపు సొంత నిధినుండి ఇచ్చు చేబదుళ్లకైనను ఇట్టి షరతు నొకదానిని ఉపనిబంధనలలో చేర్చుట సాధ్యమేమో పాలకవర్గమువారు వచ్చు సర్వసభ్య సమావేశమున ఆలోచింతురు గాక.

మూడవది ఆ పెద్దాయనకు నేను నాడు చెప్పలేకపోయిన జవాబు. కొలత బీమాలో వాన గొట్టములోనే పడవలెను. అది దాని బలము. సొమ్ము త్వరగా వచ్చుట అందువలననే. అది దాని లోపము కూడ. కావున చేరుటకు ముందే నాలుగు ప్రశ్నలు అడుగవలెను: గొట్టము ఎక్కడ నున్నది? హద్దు ఎంత? సొమ్ము ఎన్ని దినములలో వచ్చును? గొట్టములో పడక చేలో పడిన, మనకు మఱియొక దిక్కు కలదా? ఈ నాలుగింటికి జవాబు తెలియనివాడు చేరుడని చెప్పరాదు. నేను చెప్పితిని, అది నా తప్పు. ఇప్పుడు ఏ యూరికి పోయినను మొదట ఆ గొట్టము ఉన్న చోటికి రైతులను తీసికొనిపోయి చూపుచున్నాను. కొందఱు చూచి చేరుచున్నారు. కొందఱు చూచి మానుకొనుచున్నారు. ఇరువురును తెలిసి చేసినవారే.

కూలిన తోటలలో గ్రెనడా రైతులు మఱల జాజి మొక్కలు నాటుకొనుచు వచ్చిరి. వాని నిండు కాపు ముందు తరమువారిది. అట్టి పంటను నమ్ముకొన్నవానికి అప్పు కూడ కొంచెము ఓపిక నేర్చుకొనవలెననుటలో అన్యాయ మేమియు లేదు.